కొత్త వాల్యూమ్ కంట్రోల్ కరకరలాడితే

మా పనిలో ముందుగా నేర్చుకోవలసింది టంకం పెట్టడం కాదు, సెట్టు తెచ్చినవాడి మొహం చదవడం. "నేనేం ముట్టుకోలే" అని మొదలుపెట్టాడంటే నాలుగు స్క్రూల్లో రెండు వాళ్ళింట్లోనే రాలిపోయి ఉంటాయి. "నిన్నటిదాకా మంచిగనే పాడింది" అంటే ఆరు నెలలుగా మూగబడి ఉందని అర్థం. "మా బామ్మర్దికి జర తెలుసు, ఆయన చూసిండు" అన్నాడో, ఆ సెట్టును దండం పెట్టుకొని తెరవాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో డిపో వెనక గల్లీలో, ఆంప్లిఫయర్లు తయారుచేసి, బాగుచేసే షాపులో ముప్పై ఏళ్ళకు దగ్గరగా పనిచేశాను. కిందటేడు మానేశాను. చెవులు బాగానే ఉన్నాయి. చెయ్యే, విడిభాగం సన్నటి కాలుకు టంకం పెట్టబోతే పక్క కాలును కూడా పలకరించి వస్తోంది. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు ఫోన్ చేసి "అన్నా, ఏమన్న చెప్పు" అంటున్నారు కాబట్టి రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ సర్టిఫికెట్ వచ్చింది, అవన్నీ వదిలేస్తున్నాను. ఒక్క ఆంప్లిఫయర్ గురించే చెబుతాను. అది నాకు నేర్పినంత ఇంకేదీ నేర్పలేదు.

నేను కథలు చెబుతానని గల్లీలో పేరుంది. నిజమే. బెంచీ ముందు కూర్చున్న గిరాకీ గంటసేపు లేవకుండా ఉండాలంటే కథ కావాలి. ఎల్బీ నగర్ చౌరస్తాలో నా ఆంప్లిఫయర్ పెట్టిన బరాత్ పోతుంటే, దేవరకొండ బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా బస్సును వదిలేసి పెళ్ళికొడుకు వెంట నడిచారని చెప్పాను. ఒక సెట్టు తెరిస్తే లోపల బల్లి కాపురం ఉందని, బాస్ పెంచినప్పుడల్లా తోక ఊపేదని చెప్పాను. తోక ఊగిన మాట నిజం. బల్లి మాత్రం అప్పటికే చచ్చి ఉంది. ఇప్పుడు చెప్పేదాంట్లో ఒక్క బల్లి కూడా లేదు.

ఎర్ర చుక్క

మా గల్లీకి ఒక పాత జబ్బు ఉంది. సెట్టు లోపలి అసలు సామాను తీసేసి, చూడటానికి అలాగే ఉండే నాసిరకం వేస్తారని గిరాకీలకు భయం. పనివాళ్ళు మంచి సామాను జేబులో వేసుకుపోతారని షాపు యజమానులకు భయం. ఒకరినొకరు నమ్మని చోట ఏదో ఒక నిశాని కావాలి కదా. మా గల్లీలో ఆ నిశాని నెయిల్ పాలిష్.

మా యజమాని సుబ్బారావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. కొత్త సెట్టు తయారయ్యాక, మూత బిగించేముందు, గిరాకీ చూస్తుండగా డ్రాయర్లోంచి ఎర్ర సీసా తీసేవారు. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక చుక్క, పెద్ద కండెన్సర్ల మీద ఒక్కో చుక్క, వాల్యూమ్ కంట్రోల్ వీపు మీద ఒక చుక్క. "ఈ చుక్క ఉన్నంతకాలం ఇది మా సరుకండీ. చుక్క లేదంటే మీరే చెప్పాలి, ఎవరు మార్చారో" అనేవారు. ఎదురుషాపు వాళ్ళది ఆకుపచ్చ చుక్క. మూలషాపు వాళ్ళు రెండు చుక్కలు పెట్టేవాళ్ళు, వాళ్ళకు తమ మీద కూడా నమ్మకం లేదు.

ఆ షాపులో నా పక్క బల్ల సుగుణది. నల్గొండ దగ్గరి ఊరి మనిషి. భర్త ఆటో నడిపేవాడు. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం, సెట్టు లోపల వైర్లు కలపడం ఆమె పని. ఆమె చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు చెవి ఆనిస్తే అసలు కరెంటు ఉందా లేదా అన్న అనుమానం వచ్చేది, అంత నిశ్శబ్దం. పదిహేనేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. ఆమె తక్కువ మాట్లాడేది. ఆ తక్కువైనదంతా నేను భర్తీ చేసేవాణ్ణి.

పటేల్ కారులో వచ్చిన సెట్టు

అల్మాస్‌గూడ జంగారెడ్డి పటేల్ మా దగ్గర కొత్త హైఫై ఆంప్లిఫయర్ చేయించుకున్నాడు. వాళ్ళ తాతలు దున్నిన భూమంతా ఇప్పుడు కాలనీలు. ప్లాట్లు అమ్మీ కొనీ, ఎదుటివాడు నవ్వితే కాగితం వెనక్కి తిప్పి చూసే అలవాటు పడ్డ మనిషి. చుక్కలు పెట్టేటప్పుడు సుబ్బారావు గారి చేతిలోంచి సీసా తీసుకొని, వాసన చూసి, ఇచ్చాడు.

పట్టుకుపోయిన వారానికే తిరిగొచ్చాడు. సెట్టు కారు ముందు సీట్లో ఉంది, దానికి బెల్టు కూడా పెట్టాడు.

"సత్తెయ్యా, కొత్తదని ఇచ్చినవ్ గద. గుండీ తిప్పితే చాలు, కర్రుమంటది. డబ్బాల అటుకులు వోసి ఊపినట్టు."

"తిప్పుడు ఆపితే?"

"ఆపితే మంచిగనే పాడుతది. తిప్పినప్పుడే లొల్లి. పాత కంట్రోల్ ఏమన్న పెట్టినవా?"

"పటేలా, చుక్క మీ ముందరనే పెట్టిండ్రు గద మా సారు."

"చుక్క చూసిన. చుక్క కింద ఏమున్నదో నాకేమెరుక?"

బెంచీ మీద పెట్టి, నా ఫోన్ తగిలించి, పాట పెట్టి గుండీ తిప్పాను. వెన్నలా తిరిగింది. ఒక్క కర్రు కూడా లేదు. పటేల్ నన్ను చూశాడు, నేను పటేల్‌ని చూశాను. అబద్ధం ఎవరాడుతున్నారో తేల్చుకునే చూపులవి.

ఏమీ చేయకుండా పంపితే గిరాకీ నమ్మడు. అందుకని నా మందు తీశాను. వాల్యూమ్ కంట్రోల్ లోపల మురికి చేరి కరకరలాడితే కడగడానికి బజారులో స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. నేను మాత్రం సొంతంగా కలుపుకునేవాణ్ణి. థిన్నర్, కొంచెం పెట్రోలు, రెండు చుక్కల కుట్టుమిషను నూనె, పాత దగ్గుమందు సీసాలో. నాలుగో వస్తువు ఒకటుందని, అది మా గురువు చచ్చిపోతూ చెవిలో చెప్పాడని గల్లీ అంతా చెప్పాను. నాలుగోది లేదు. గురువు కూడా బాటసింగారంలో పండ్ల లారీల లెక్కలు చూస్తూ నిక్షేపంగా ఉన్నాడు. కంట్రోల్ వీపు మీది సందులో సిరంజీతో మందు కొట్టి, గుండీ ఇరవైసార్లు తిప్పి, మూత బిగించి పంపేశాను.

చుక్క లేదు

నాలుగో రోజు పటేల్ మళ్ళీ దిగాడు. ఈసారి సీటు బెల్టు పెట్టలేదు, సెట్టు మీద కూడా కోపం వచ్చినట్టుంది.

"గట్లనే ఉంది. మీరు మీరు కలిసి నన్ను పిచ్చోన్ని చేస్తున్నరా ఏంది?"

మళ్ళీ మూత తీశాను. లైటు దగ్గరికి జరిపి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద చుక్క ఉంది. కండెన్సర్ల మీద ఉన్నాయి. వాల్యూమ్ కంట్రోల్ వీపు నున్నగా మెరుస్తోంది. చుక్క లేదు.

పటేల్‌కు చెప్పలేదు. "రెండు రోజులు ఉంచున్రి, కంట్రోలే కొత్తది ఏస్త" అని పంపేసి ఆలోచించాను. సెట్టులో వైర్లు కలిపింది సుగుణ. మొదటిసారి వచ్చినప్పుడు నేను టీకి పోతే, సెట్టు మూత తీసే ఉంది, పక్కన సుగుణ ఉంది. పైగా కిందటి వారమే ఆమె "అన్నా, గీ కంట్రోలు విడిగా కొంటే దొరుకుతదా? ఇంట్ల రేడియోది పోయింది" అని అడిగింది. పనివాడి బుర్రలో అనుమానం పడిందంటే అన్నీ సాక్ష్యాలే. రోజూ తాగే మజ్జిగ ఆమె ఆ రోజు తాగకపోవడం కూడా నాకు సాక్ష్యంలానే కనిపించింది.

సుబ్బారావు గారికి చెవిలో చెప్పాను. ఆయన మంచివాడే, కానీ మీటరు చూపించే అంకె కన్నా చెవిలో పడ్డ మాటనే త్వరగా నమ్మేవాడు.

"నిజమేనంటావా సత్తెయ్యా?"

"చుక్క లేదు సార్. నేనైతే ముట్టుకోలే."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. పైన గిరాకీల గురించి రాశానే, అదే మాట. నేను కూడా అదే అన్నాను, మొహం చదివేవాడు అక్కడ ఎవడూ లేడు.

ఆయన సుగుణను పిలిచారు. "ఏమ్మా, పటేల్ సెట్టులో కంట్రోల్ మీద చుక్క లేదట, ఏమనుకోకు. బ్యాగ్ ఒకసారి చూపించమ్మా" అన్నారు. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బ్యాగ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను పట్టుకున్నాను, ఆయన చూశారు. అన్నం డబ్బా, దువ్వెన, బస్ పాస్, కుట్టడానికి తీసుకున్న జాకెట్ గుడ్డ. డబ్బా మూత కూడా తీశారు. తొక్కులో కలిపిన అన్నం సగం మిగిలి ఉంది.

"దొరికిందా సార్?" అని అడిగింది.

"లేదు కాని... విషయం తేలేదాకా నాలుగు రోజులు ఇంటి దగ్గరుండమ్మా."

ఆమె పోయింది. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? సాయంత్రం టీకొట్టు దగ్గర కథ మొదలుపెట్టాను. మొదటి షాపువాడికి ఒక కంట్రోల్ పోయిందని చెప్పాను. నాలుగోవాడికి చెప్పేసరికి అవి ఆరయ్యాయి. చివరివాడికి చెప్పేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయింది. తొమ్మిది షాపులకు మాట చేరింది. ఈ పనిలో ఆడమనిషికి బల్ల ఇచ్చేదే తక్కువమంది. దొంగ అన్న పేరు పడితే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఆమెకు ఇక ఎక్కడా పని దొరకదు. అది నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

మూడోసారి

కొత్త కంట్రోల్ తెచ్చి, నా చేతులతో వేసి, నా చేతులతోనే ఎర్ర చుక్క పెట్టాను. ఆరాక, అలవాటు ప్రకారం, కొత్తదైనా సరే ఉండనీ అని మందు కొట్టి, మళ్ళీ లోపలికి చూడకుండానే మూత బిగించాను. సెట్టు పటేల్ ఇంటికి పంపాను. మరునాడు సుగుణ షాపుకు వచ్చింది. పనికి కాదు, తన సొంత మీటరు బల్ల మీదే ఉండిపోయింది, తీసుకుపోవడానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టనక్కర్లేదు, పటేల్ గొంతు అల్మాస్‌గూడ నుంచి నేరుగానే వినిపించేలా ఉంది.

"కొత్త కంట్రోల్ అన్నవ్! గదే కర్రు! గదే అటుకులు!"

ఈసారి నా అనుమానం పటేల్ మీదికి మళ్ళింది. కంట్రోళ్ళు ఈయనే పీకి అమ్ముకుంటున్నాడా అనుకున్నాను. ప్లాట్లు అమ్మే మనిషి వాల్యూమ్ కంట్రోల్ దొంగ! అనుమానానికి ఆకలెక్కువ, ఏది పెడితే అది తింటుంది.

సుగుణ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"పటేలా, నేను సుగుణను. మీ ఇంట్ల పాట దేన్లకెల్లి వస్తది? ఫోన్‌లకెల్లా?"

"ఫోన్ ఏంది? మా నాయిన క్యాసెట్ డెక్కు ఉంది. ఆయన భజనల పాడిన పాటలు ఉన్నయి. గవి ఇనెటందుకే గద సెట్టు చేయించుకున్న."

"మంచిది. ఇంట్లనే ఉండున్రి, వస్తున్న."

ఫోన్ నాకిచ్చి, "చప్పుడు ఆడ వస్తుంటే ఈడ చూస్తే ఏమెరుకైతది అన్నా? నువ్వు సుత రా. ఏం దొరుకుతదో నీ కండ్లతోనే చూడు" అంది.

మూడుసార్లు సెట్టు విప్పినవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్న నేను అడగలేదు.

అల్మాస్‌గూడలో

ఆమె భర్త ఆటోలోనే పోయాం. దారిలో ఒక్క స్పీడ్ బ్రేకర్ దగ్గర కూడా ఆయన బ్రేకు వేయలేదు.

పటేల్ హాల్లో టీవీ పక్కన పాత క్యాసెట్ డెక్కు. దాని వైరు మా ఆంప్లిఫయర్ వెనక గుచ్చి ఉంది. గుండీ తిప్పితే నిజంగానే కర్రుమంది. అటుకులు అన్నాడు కాని, నాకైతే రేకు మీద గులకరాళ్ళు దొర్లినట్టు వినిపించింది.

సుగుణ డెక్కు వైరు పీకి, దాని కొసకు మీటరు పెట్టింది. నేను వంగి చూశాను. పాట ఆపి ఉన్నా ముల్లు లేచి నిలబడింది. దాదాపు రెండు వోల్టుల డీసీ.

కొత్తవాళ్ళకు ఇక్కడ ఆగి చెప్పాలి. డెక్కు నుంచి ఆంప్లిఫయర్‌కు పాట మాత్రమే రావాలి. పాట అంటే అటూ ఇటూ ఊగే కరెంటు. బ్యాటరీ కరెంటులా ఒకే వైపు నిలిచి ఉండేది డీసీ, అది రాకూడదు. దాన్ని గడప దగ్గరే ఆపడానికి డెక్కు లోపల ఒక కండెన్సర్ ఉంటుంది. అది ముసలిదైతే కారుతుంది. కారిన డీసీ వాల్యూమ్ కంట్రోల్ మీద కూర్చుంటుంది. మీరు గుండీ తిప్పినప్పుడల్లా లోపల జరిగే చిన్న రేకుముక్క ఆ కరెంటును గీరుతూ పోతుంది, స్పీకర్లో కర్రుమంటుంది. కంట్రోల్ ఈ ఉదయమే పుట్టినదైనా అంతే. పైగా మేము తయారుచేసే సెట్టులో వైరు నేరుగా కంట్రోల్‌కే పోయేది, మధ్యలో మా కండెన్సర్ ఒకటి పెట్టాల్సింది, పెట్టలేదు. అది మా షాపు తప్పు, డెక్కు తప్పు ఒక్కటే కాదు. నా ఫోన్ నుంచి డీసీ రాదు కాబట్టి బెంచీ మీద వెన్నలా తిరిగింది.

సుగుణ పటేల్ ఫోన్ తగిలించి గుండీ తిప్పింది. నిశ్శబ్దం. డెక్కు మూత తీసి, తెచ్చుకున్న రెండు కండెన్సర్లు, ఎడమ స్పీకర్‌కొకటి కుడిదానికొకటి, మార్చి మళ్ళీ కలిపింది. పటేల్ వాళ్ళ నాయన గొంతు హాలంతా నిండింది. పటేల్ గుండీ పైకి తిప్పాడు, కిందికి తిప్పాడు, మళ్ళీ పైకి. చప్పుడు లేదు.

"గిదేందమ్మా, గింతేనా!" అన్నాడు.

"చప్పుడు సంగతి గింతే పటేలా. ఇంకోటి ఉన్నది." ఆమె ఆంప్లిఫయర్ మూత తీసింది. నిన్న నేను వేసిన కంట్రోల్‌ను లైటు వైపు తిప్పింది.

వీపు నున్నగా ఉంది. చుక్క లేదు.

"అన్నా, దీన్ని సుత నేనే మార్చిన్నా? నేను షాపుకు రాక నాలుగు దినాలాయె."

పటేల్ సెట్టు మీదికి వంగి, ఆ రోజు సీసా వాసన చూసినట్టే, కంట్రోల్‌ను వాసన చూశాడు.

"థిన్నర్ కంపు కొడ్తున్నది సత్తెయ్యా. మా కోడలు గోర్ల రంగు తీసేది గీ వాసనే ఉంటది."

నా మందు. నేను మొదటిసారి కొట్టినప్పుడే చుక్కను నా చేత్తో కడిగేశాను. కడిగి, చుక్క ఏదని వెతికి, పక్క మనిషి బ్యాగ్ పట్టుకున్నాను.

అక్కడినుంచే సుబ్బారావు గారికి ఫోన్ చేసి చెప్పాను. నేను సరిగా చెప్పట్లేదని పటేల్ ఫోన్ లాక్కొని తానే చెప్పాడు. అటు నుంచి ఆయన, "అయ్యో. రేపటి నుంచి రమ్మనండి ఆవిణ్ణి" అన్నారు.

సుగుణ మీటరు సంచిలో వేసుకుంది. "వస్తనో రానో తర్వాత ముచ్చట. ముందుగాల నువ్వు ఎవలెవలికి చెప్పినవో నాకెరుకే, గా తొమ్మిది షాపులకూ పోయి చెప్పు అన్నా."

తొమ్మిది షాపులు

చెప్పడం నా విద్య కదా, ఎంతసేపు అనుకున్నాను. టీకొట్టు దగ్గర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"సత్తెన్న కొత్త కథ షురూ చేసిండు" అన్నాడు ఎదురుషాపువాడు.

"కథ కాదురా, నిజం. చుక్క నా మందుకే పోయింది."

"పోయిన వారం ట్రాన్స్‌ఫార్మర్ సుత పోయిందంటివి? అది సుత కరిగిందా మందుల?"

నవ్వారు. ఒకడు పక్కకు పిలిచి, "ఆమె ఏమన్న ఏడ్చిందా? అందుకే కాపాడుతున్నవా?" అని అడిగాడు. అబద్ధం చెప్పినప్పుడు తొమ్మిది మందీ నమ్మారు. నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు. మీరు ఏం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా ఇది నేర్చుకోండి. మీటరు తప్పు చూపిస్తే మార్చుకోవచ్చు, మీ మాట తప్పు చూపించడం మొదలైతే ఎక్కడా దొరకదు విడిభాగం.

మాటతో కాదని, మరునాడు ఒక చేతిలో నా మందు సీసా, ఒక చేతిలో సుబ్బారావు గారి ఎర్ర సీసా పట్టుకొని బయలుదేరాను. ప్రతి షాపులో వాళ్ళ కంట్రోల్ మీదే చుక్క పెట్టి, ఆరేదాకా నిలబడి, మందు కొట్టి, చుక్క కారిపోవడం చూపించాను. ఆరేదాకా నిలబడటం పెద్ద శిక్ష. ఒక్క కథ కూడా చెప్పలేదు. ఒక్కో షాపులో "ఆమె ఏదీ తియ్యలే, ట్రాన్స్‌ఫార్మర్ మాట నేను పుట్టించింది" అని చెప్పి బయటికి వచ్చాను. అయిదో షాపు నుంచి నవ్వడం తగ్గింది.

ఎనిమిదో షాపు యజమాని చుక్క కరగడం చూసి ఊరుకోలేదు. ఆయన ఎల్బీ నగర్‌లో మెట్రో స్టేషన్ దగ్గర కొత్త బ్రాంచి పెడుతున్నాడు.

"చుక్క సంగతి ఇడిచిపెట్టు. డెక్కుల డీసీ ఉన్నదని దొరికిచ్చింది నువ్వేనా?"

నేనే అన్న మాట నోటి దాకా వచ్చింది. మింగాను.

"నేను కాదు. సుగుణ."

"ఫోన్‌లనే అడిగిందా, పాట దేన్లకెల్లి వస్తదని?"

"ఆఁ. నేను మూడుసార్లు ఇప్పి సుత అడగలే."

"ఆమె నంబరియ్యి."

ఇచ్చాను. ఒకటో తారీఖు నుంచి ఆమె ఎల్బీ నగర్ బ్రాంచిలో పెద్ద బల్ల దగ్గర కూర్చుంది. సుబ్బారావు గారు స్వయంగా వాళ్ళ ఇంటికి పోయి రమ్మని అడిగారు. "బువ్వ డబ్బా మూత తీసిండ్రు సార్" అని ఒక్క మాటే అన్నదట. ఆయన ఆ మాట నాకు చెప్పి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే మిషన్‌ను నా బల్ల వైపు జరిపారు.

నేను చుట్టిన మొదటి ట్రాన్స్‌ఫార్మర్ సెట్టులో వేసి స్విచ్ నొక్కితే, పాట మొదలుకాకముందే గుయ్యిమని మూలిగింది. సుబ్బారావు గారు లేచి వచ్చి నిలబడ్డారు. అలవాటు కొద్దీ నా చూపు పక్క బల్ల మీదికి పోయింది. అక్కడ ఎవరూ లేరు. షాపులో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాణ్ణి నేనొక్కణ్ణే.